చల్లగదిలో పద్నాలుగో నంబరు

మండుటెండలో స్వెట్టరు వేసుకుని తిరిగే మనిషిని చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఒంట్లో జ్వరమైనా ఉండాలి, బుర్రలో తిక్కైనా ఉండాలి. ఈ ఎలక్ట్రీషియన్‌కి ఆ రెండూ లేవు. ఆయనది చల్లగదిలో ఉద్యోగం, అంతే. కాకులు కూడా నీడ వెతుక్కునే వేళ ఆయన ముదురు గోధుమరంగు స్వెట్టరుకి మెడదాకా గుండీలు పెట్టుకుని, టీకొట్టు ముందు నిలబడి, గాజుగ్లాసుని రెండు చేతులతో పట్టుకుని వేళ్లు కాచుకునేవాడు. ఫ్యాక్టరీలో పెద్దా చిన్నా అందరికీ ఆయన స్వెట్టర్ బాబాయి. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా వినబడేది కాదు, వినబడాలని ఆయనా కోరుకోలేదు.

అది కళ్లద్దాలు తయారుచేసే ఫ్యాక్టరీ. ఫ్రేములు కాదండోయ్, వాటిలో బిగించే అద్దాలు. చుట్టుపక్కల ఊళ్లలోని రెండొందల కళ్లజోళ్ల దుకాణాల వాళ్లు కుడికంటికి ఇంత పవరు, ఎడమకంటికి ఇంత పవరు అని పంపిస్తే, ఆ అంకెల ప్రకారం అద్దం అరగదీసి, మెరుగుపెట్టి పంపాలి. అంకె ఒక్కటి అటూ ఇటూ అయిందంటే ఎక్కడో ఒక పెద్దాయన మెట్టు ఉందనుకుని గాల్లో కాలేస్తాడు. అందుకే ఆ అంకెలన్నీ దాచే సర్వర్లంటే ఓనరుగారి దగ్గర్నుంచి గేటు దగ్గరి వాచ్‌మన్ దాకా అందరికీ భయమూ భక్తీ. మొదటి అంతస్తులో వెనకవైపు గదికి కిటికీలు ఇటుకలతో పూడ్చేసి, వాటిచేత అక్కడ కాపురం పెట్టించారు. ఒకటి నుంచి పద్దెనిమిది దాకా నంబర్లు వేశారు. పదిహేనోది ఎప్పుడో పాతసామాన్ల బండి ఎక్కింది కాబట్టి మిగిలినవి పదిహేడు.

పంతొమ్మిదేళ్ల కిందట ఆ గదికి వైరింగు వెయ్యడానికి వచ్చిన ఈ మనిషిని, పని అయ్యాక ఓ రెండ్రోజులుండి చూసుకోమన్నారు. ఆ రెండ్రోజులు ఇంకా అవలేదు. సర్వర్ల లోపల ఏం జరుగుతుందో బాబాయికి తెలియదు, తెలుసుకోవాలన్న పట్టింపూ లేదు. అవి వేడెక్కకూడదు, ఆగకూడదు. ఐదు ఏసీలు, పెరట్లో డీజిల్ జనరేటరు, గోడకి వేలాడే థర్మామీటరు, ఇదీ ఆయన రాజ్యం. కరెంటు పోయినప్పుడు జనరేటరు అందుకోవడం రెండు క్షణాలు ఆలస్యమైతే చాలు, బాబాయి మెట్లమీద ఉండేవాడు. తన చేతిలో ఉండగా ఒక్కటీ ఆగలేదని చెప్పుకునేవాడు. గొప్పే మరి, ఎవరు కాదన్నారు.

ఆ గది హోరు సంగతి కూడా చెప్పాలి. పదిహేడు సర్వర్ల ఫ్యాన్లూ ఐదు ఏసీలూ కలిసి చేసే చప్పుడులో పక్కన నిలబడి అరిచినా మాట వినబడదు. సెల్‌ఫోను సిగ్నలు ఆ గోడలు దాటి లోపలికి రాదు. గోడకి ఫోను ఒకటి పెట్టారు గానీ, మోగితే ఎవరికి వినబడాలి? అందుకని బాబాయి చేరిన వారంలోనే దానికి ఒక ఎర్రబల్బు తగిలించాడు. ఫోను మోగితే బల్బు వెలిగి ఆరుతుంటుంది. రిసీవరుకి పొడుగాటి తీగ వేశాడు. దాన్ని లాక్కుంటూ తలుపు బయటికి వస్తే అవతలి మాట వినబడుతుంది.

సాయంత్రం ఆరున్నరకి ఆ బల్బు వెలిగిందంటే అది భార్యే. బడిలో లెక్కల టీచరు ఆవిడ. గడియారం తప్పినా ఆవిడ తప్పదు. బయల్దేరారా అని అడగడానికి రోజూ అదే టైముకి చేసేది. బాబాయి బల్బు వంక చూసి, ఆఁ తనే అనుకుని, మళ్లీ పనిలో పడేవాడు. ఎలాగూ ఇంటికే కదా వెళ్లేది, ఆ మాత్రానికి తీగ లాక్కుంటూ బయటికి పోవడం దేనికని ఆయన వాదన. సర్వరు మీద మినుకుమనే చిన్న పచ్చలైటు రంగు మారితే గదికి ఆ మూల నుంచి ఈ మూలకి పరిగెత్తే మనిషికి, తను తగిలించిన ఎర్రబల్బు మాత్రం కంటికి ఆనేది కాదు.

అన్నిట్లోకీ ఆయన ప్రాణం తోడేసింది పద్నాలుగో నంబరు. పదకొండేళ్ల కిందట అప్పటి మేనేజరు, "పదిహేనోది పనికిరాదు, తీసి పంపించెయ్యండి. పద్నాలుగోదాన్ని మాత్రం నేనొచ్చేదాకా ముట్టుకోకండి" అని చెప్పి రెండు వారాల పనిమీద వేరే ఊరు వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే అక్కడ ఇంకో కంపెనీలో చేరిపోయాడు. బాబాయి ఆ రోజే ఒక కాగితం మీద పెద్దక్షరాలతో ‘ముట్టుకోవద్దు’ అని రాసి పద్నాలుగో నంబరు నుదుటిమీద అతికించాడు. ఆ తర్వాత మేనేజర్లు ముగ్గురు మారారు. వచ్చిన ప్రతివాడూ ఆ కాగితం చూసి, ఇదేదో చాలా ముఖ్యమైన వ్యవహారమనుకుని రెండడుగులు వెనక్కి వేసినవాడే తప్ప, ఇది ఎవరు రాశారయ్యా, ఎందుకు రాశారయ్యా అని అడిగిన పాపాన పోలేదు. బాబాయీ చెప్పలేదు. కాగితం చివికితే మళ్లీ కొత్తది రాసి అతికించాడు.

అది ఏసీ గాలి అందని మూలలో ఉండేది. ఊరికే వేడెక్కేది. దానికోసమే ఓనరుగారిని పోరుపెట్టి ఐదో ఏసీ వేయించాడు. దాని బయటి డబ్బా వెనకసందులోకి రాత్రనక పగలనక వేడిగాలి కొట్టేది. ఫ్యాను ఒకసారి, తీగ ఒకసారి, ఏదో ఒక నలత దానికి వస్తూనే ఉండేది. ఆదివారం కూడా భోజనం ముందు కూర్చుని, ఒక్కసారి వెళ్లి చూసొస్తానని లేచేవాడు. ఆయన ఇంటికి రాగానే భార్య గుమ్మంలోనే అడిగేది.

"మా సవతి కులాసానా?"

నవ్వుతూనే అడిగేది. నిజం చెప్పొద్దూ, ఆ నవ్వు ఏడాదికేడాది కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది. దానికి కారణం సముద్రం. బస్సులో ఆరుగంటల దూరంలో ఉన్న సముద్రాన్ని ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మూడుసార్లు బయల్దేరారు. మొదటిసారి టిక్కెట్లు కొన్న మర్నాడు పద్నాలుగో నంబరు ఫ్యాను విరిగింది. రెండోసారి ఐదో ఏసీ నీళ్లు కార్చింది. మూడోసారి బస్సెక్కి కూర్చున్నారు కూడా. రెండో స్టాపు దాటకముందే వాచ్‌మన్ ఫోను చేసి, పద్నాలుగో దాని లైటు పసుపుపచ్చగా వెలుగుతోందన్నాడు. బాబాయి దిగిపోయాడు. వెనకాలే ఆవిడా సంచి పట్టుకుని దిగింది. ఆ సంచిని అటక మీద పెట్టి, మళ్లీ దించలేదు.

అలాంటి చల్లగదికి ఒకరోజు ఇంజనీరమ్మాయి వచ్చింది. కంపెనీ సర్వర్లన్నీ ఎత్తేసి క్లౌడ్‌లోకి మారిపోవాలని ఓనరుగారు నిర్ణయించుకుని ఆ పిల్లని పిలిపించారు. ముప్పై ఏళ్లుండవు. వచ్చిన మొదటిరోజే చలికి పళ్లు టకటకలాడిస్తూ, స్వెట్టరు ఎక్కడ కొన్నారు బాబాయ్ అని అడిగింది. దాంతో ఆయన కోపం సగం చల్లారింది. మిగతా సగం చల్లారడానికి నెల పట్టింది.

ఆయన ప్రశ్నలన్నీ ఓపిగ్గా విని జవాబులు చెప్పింది. క్లౌడ్ అంటే ఆకాశంలో ఏమీ ఉండదనీ, అదీ ఒక గదేననీ, కాకపోతే చాలా పెద్దదనీ, వేల కంపెనీల పని ఒకేచోట జరుగుతుందనీ చెప్పింది. అయితే అక్కడా ఎవడో స్వెట్టరు వేసుకుని ఉంటాడన్నమాట అన్నాడు బాబాయి. ఉంటాడంది. ఆ మాట ఆయనకి నచ్చింది.

ఇక లాభాల సంగతి. ఈ పదిహేడింట్లో తొమ్మిది ఏడాదికి రెండు నెలలే ఒళ్లు వంచి పనిచేస్తాయి. బళ్లు తెరిచే ముందు పిల్లలందరికీ కళ్లజోళ్లు కావాలి కాబట్టి అప్పుడు ఆర్డర్లు మూడింతలవుతాయి. మిగతా పది నెలలూ అవి ఊరికే కరెంటు తాగుతూ, వేడి కక్కుతూ కూర్చుంటాయి. ఆ వేడి పోగొట్టడానికి మళ్లీ ఏసీలు. ఫ్యాక్టరీ కరెంటులో మూడోవంతు ఈ ఒక్క గదికే పోతోంది, అద్దం ఒక్కటి కూడా అరగదియ్యకుండా. అక్కడైతే రెండు నెలలకి ఎంత కావాలో అంతే తీసుకోవచ్చు. మనం వదిలేసిన చోటు ఇంకొకరికి పనికొస్తుంది. క్లౌడ్ వాళ్లది చాలావరకు గాలిమరల కరెంటు, డీజిల్ మసి లేదు. పోయినేడు గాలివానకి రెండ్రోజులు బయటి ఇంటర్నెట్ తీగ తెగితే, సర్వర్లు ఆగకపోయినా రెండొందల దుకాణాలూ లబోదిబోమన్నాయి. ఇకముందు ఇక్కడ తీగ తెగినా, కరెంటు పోయినా ఆర్డరు పోదు. ఏ అద్దం ఎక్కడిదాకా వచ్చిందో దుకాణంవాళ్లు తమంతట తామే చూసుకోవచ్చు.

బాబాయి అన్నీ విన్నాడు. కాదనడానికి ఒక్కటీ కనబడలేదు. తనేమవుతాననే బెంగ కూడా లేదు, ఎందుకంటే అరగదీసే మిషన్లకి ఎలక్ట్రీషియన్ కావాలని ఓనరుగారు ముందే మాటిచ్చారు. ఆయన మనసులో ముల్లు వేరే ఉంది. అది పద్నాలుగో నంబరు దగ్గర గుచ్చుకుంది.

ఏ సర్వరు ఎవరికోసం పనిచేస్తోందో ఇంజనీరమ్మాయి జాబితా రాస్తూ వచ్చింది. ఇది ఆర్డర్లది, ఇది జీతాలది, ఇది పాత పవర్లది. పద్నాలుగో దగ్గర కలం ఆగిపోయింది. ఆఫీసులో అందర్నీ అడిగింది. ఎవరికీ తెలియదు. పాస్‌వర్డు పాత మేనేజరుకి తప్ప ఎవరికీ తెలియదు, ఆయన ఎక్కడున్నాడో అసలే తెలియదు. చివరికి బాబాయిని అడిగింది.

"ముఖ్యమైందే తల్లీ," అన్నాడు బాబాయి. అంతకంటే ఏం చెప్పాలో ఆయనకీ తెలియలేదు.

అప్పుడా పిల్ల తమ వృత్తిలో ఒక పాత పద్ధతి ఉందని చెప్పింది. ఎవరిదో తెలియని మిషనుని ఆపేసి ఊరుకోవడమే. అవసరమున్నవాళ్లు ఎవరైనా ఉంటే లబోదిబోమంటూ వాళ్లే ఫోను చేస్తారు. ఎవరూ చెయ్యకపోతే అది ఎవరికీ అక్కర్లేదని అర్థం. పది రోజులు చూద్దామంది. ఆ పదిరోజులూ ఫోను కనిపెట్టుకుని ఉండే పని బాబాయికి అప్పజెప్పింది.

పద్నాలుగో నంబరు స్విచ్చి బాబాయే ఆపాడు. వేరేవాళ్ల చేత ఆపించడానికి మనసొప్పలేదు. దానితోపాటు ఐదో ఏసీ కూడా ఆపేశాడు. పచ్చలైటు ఆరిపోయిన చోట కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఒక్క ఫోను వస్తే చాలు అనుకున్నాడు. ఎవరో ఒకరు, ఏ మారుమూల దుకాణంవాడైనా సరే, అయ్యా మాకు కావాల్సింది ఆగిపోయిందని ఒక్క మాటంటే చాలు. పదకొండేళ్ల ఆదివారాలకీ, అటక మీది సంచికీ ఒక అర్థం ఉంటుంది. రాకపోతే?

మొదటిరోజు ఎర్రబల్బుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఉలుకూ పలుకూ లేదు. సరిగ్గా ఆరున్నరకి బల్బు వెలిగింది. బాబాయి కుర్చీ తన్నేసి లేచి, రిసీవరు అందుకుని, తీగ లాక్కుంటూ తలుపు బయటికి పరిగెత్తి, చెప్పండి చెప్పండి అన్నాడు.

అవతల భార్య గొంతు చిన్నగా వినబడింది.

"ఏంటండీ, ఎత్తారు? ఒంట్లో బాగానే ఉందా?"

బాగానే ఉందన్నాడు. బయల్దేరారా అంది. బయల్దేరుతున్నానన్నాడు. ఆవిడే పెట్టేసింది.

రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. పగలంతా బల్బు నిద్రపోయేది, ఆరున్నరకి వెలిగేది. ఎవరిదో ఎలా తెలుస్తుంది? ఒకవేళ ఆ మారుమూల దుకాణంవాడే అయితే? ప్రతిసారీ ఎత్తేవాడు. ప్రతిసారీ ఆవిడే. నాలుగోరోజు ఆవిడ, వచ్చేటప్పుడు సబ్బులు పట్టుకురమ్మంది. ఐదోరోజు బడిలో ఒక పిల్లాడు సున్నాని దేనితోనైనా భాగించొచ్చుగా టీచర్, పాపం అదేమీ అనదు అన్నాడని చెప్పి నవ్వింది. బాబాయీ నవ్వాడు. నవ్వుతూనే కళ్లు మాత్రం గోడకున్న క్యాలెండరు మీద పెట్టాడు. సగం రోజులైపోయాయి.

ఏడోరోజున ఒక మనిషి వచ్చింది! ఫోను కాదు, మనిషే. వెనకసందులో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే ఆవిడ వాచ్‌మన్‌తో గొడవపడి మరీ మెట్లెక్కి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏమన్నా, వారం నుంచి గాలి కొట్టట్లేదేంటి? లాడ్జివాళ్ల దుప్పట్లు ముప్పై, తడి తడిగా అలాగే ఉన్నాయి. కాలం కాని కాలంలో పట్టిన ఈ ముసురులో నేనెక్కడ ఆరబెట్టుకోవాలి?"

బాబాయికి మొదట బుర్రకెక్కలేదు. ఎక్కాక అక్కడే మెట్టుమీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఐదో ఏసీ వెనకసందులోకి ఊదిన వేడిగాలికి ఎదురుగా ఆవిడ పదేళ్ల నుంచి తాళ్లు కట్టుకుని దుప్పట్లు ఆరేసుకుంటోంది. పద్నాలుగో నంబరు ఆగితే ప్రపంచం మొత్తంమీద లబోదిబోమన్నది ఈమె ఒక్కతే. ఇంజనీరమ్మాయి కూడా విని కడుపు పట్టుకుని నవ్వింది. జాబితాలో పద్నాలుగో నంబరుకి ఎదురుగా ‘దుప్పట్లు’ అని రాసి చూపించింది. బాబాయి అప్పుడు నవ్వాడు గానీ, ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళుతుంటే ఆ నవ్వు దారిలోనే ఎక్కడో జారిపోయింది.

పదోరోజు కూడా ఫోను రాలేదు. పదకొండోరోజు పొద్దున్న ఇంజనీరమ్మాయి పద్నాలుగోదాని లోపలి డిస్కు ఊడదీసి తన కంప్యూటరుకి తగిలించుకుంది. పాత కాలపుది కాబట్టి పాస్‌వర్డు లేకుండానే చదవగలిగింది. గంటసేపు చూసి, బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుంది. ఎలా చెప్పాలో తెలియక చేతులు నలుపుకుంటోందని ఆయనకి అర్థమైంది.

"చెప్పెయ్ అమ్మా, ఫర్వాలేదు," అన్నాడు.

"దీనికి ఒకటే పని అప్పజెప్పారు బాబాయ్. పదిహేనో నంబరు బాగుందో లేదో కనిపెట్టుకోవడం. నిమిషానికోసారి దాన్ని, ఉన్నావా అని అడుగుతుంది. జవాబు రాకపోతే, జవాబు లేదు అని రాసుకుంటుంది. మళ్లీ నిమిషం ఆగి అడుగుతుంది."

"పదిహేనోది లేదు కదా."

"లేదు."

పదిహేనో నంబరుని నలుగురి చేత మోయించి, పాతసామాన్ల బండి ఎక్కించి, తాడు కట్టింది బాబాయే. వెనక్కి వచ్చి పద్నాలుగో దానికి కాగితం అతికించిందీ ఆయనే. మేనేజరు రెండు వారాలని ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది. వచ్చాక దాన్నీ తీయించేద్దామనుకుని ఉంటాడు. పదకొండేళ్లలో ఒక్కసారి, ఒక్కరినైనా అడిగుంటే తేలిపోయేది. అడగలేదు. తన చేతిలో ఏదీ ఆగదన్న గొప్ప అడగనివ్వలేదు. తెర మీద వరసగా పైనుంచి కిందికి అదే ముక్క. జవాబు లేదు, జవాబు లేదు, జవాబు లేదు. ఎన్నిసార్లుంటుందమ్మా అని అడిగాడు. యాభై ఏడు లక్షలు దాటిందని చెప్పింది. బాబాయికి తల కొట్టేసినట్టయింది. లేచి గుండీలు సర్దుకుని, జనరేటరు చూసొస్తానని కిందికి వెళ్లిపోయాడు. చూడ్డానికి అక్కడేమీ లేదని ఆ పిల్లకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

భార్యకి చెప్పకుండా ఉండొచ్చు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ ఆవిడ లెక్కల టీచరు, ఎదురుగా కూర్చున్నవాడు తప్పు చేశాడో లేదో మొహం చూసే చెప్పేస్తుంది. భోజనాలయ్యాక ఆవిడ పిల్లల నోటుపుస్తకాలు ముందేసుకుని దిద్దుతుంటే, పక్కన కుర్చీలో కూర్చుని మొత్తం చెప్పాడు. పదిహేనోదాన్ని పంపించడం, కాగితం అతికించడం, ఎవరినీ అడగకపోవడం, ఎవరూ ఫోను చెయ్యకపోవడం. దుప్పట్ల సంగతి కూడా చెప్పాడు గానీ ఆవిడ నవ్వలేదు. నీకు సముద్రం మూడుసార్లు ఎగ్గొట్టింది దేనికీ కాదని కూడా ఆయనే అన్నాడు. ఆ మాట ఇంకొకరి నోటివెంట రాకముందే తనే అనేస్తే బాగుంటుందనిపించింది.

ఆవిడ ఎర్రకలానికి మూతపెట్టింది.

"నిమిషానికోసారి అడిగిందా?"

"అడిగింది."

"జవాబు రాకపోయినా?"

"రాకపోయినా."

ఆవిడ పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ, ఆయన వంక చూడకుండానే అంది.

"పాపం, దాన్ని ఇన్నాళ్లూ సవతీ సవతీ అని ఆడిపోసుకున్నాను. అది నాకు చెల్లెలన్నమాట."

బాబాయికి వెంటనే అర్థం కాలేదు.

"నావి నాలుగు వేలుంటాయి," అంది ఆవిడ. "రోజుకొకటి చొప్పున, ఆ పదకొండేళ్లకే. ఆదివారాలు తీసెయ్యక్కర్లేదు, ఆదివారాలూ మీరక్కడే కదా."

అప్పుడు అర్థమైంది. ఎర్రబల్బు కళ్లముందు మెదిలింది. నాలుగు వేల సాయంత్రాలు వెలిగి ఆరిన బల్బు. ఆయనకి పద్నాలుగో నంబరు మీద కూడా ఇంత జాలి వెయ్యలేదు. కళ్లు తడయ్యాయి. అరవై దగ్గరపడుతున్న మగవాడు, పంతొమ్మిదేళ్లు ఏదీ ఆగనివ్వని మనిషి, భార్య ముందు నోటుపుస్తకాల పక్కన కూర్చుని ముక్కు తుడుచుకున్నాడు. ఆవిడ ఓదార్చలేదు. అలాగని లేచీ పోలేదు. కాసేపటికి, ఈ పది రోజులూ ఎత్తారు కదా, బాగుంది అంది.

ఆ తర్వాత మూడు నెలల్లో ఒక్కో సర్వరు పని క్లౌడ్‌లోకి వెళ్లిపోయింది. కొత్తది నడుస్తోందని నమ్మకం కుదిరాక పాతదాన్ని ఆపేవారు. బళ్లు తెరిచే రద్దీ ఆ మధ్యలోనే వచ్చిపడింది. ఆర్డర్లు మూడింతలయ్యాయి, ఒక్కటీ తప్పిపోలేదు, రద్దీ తగ్గగానే అదనంగా తీసుకున్నది వదిలేశారు. నెలకి ఆరు పీపాల డీజిల్ కాస్తా ఒకటికి దిగింది. వెనకసందులో ఎదురింటి ముసలాయన జనరేటరు పొగకి భయపడి పంతొమ్మిదేళ్లుగా మూసి ఉంచిన కిటికీ తెరిచి, కుర్చీ లాక్కుని దాని దగ్గర కూర్చున్నాడు. ఇస్త్రీ ఆవిడకి మాత్రం ఈ అభివృద్ధి ఏమీ రుచించలేదు. బాబాయి ఓనరుగారిని అడిగి, ఫ్యాక్టరీ డాబామీద ఊడదీసిన ఏసీల ఇనుప చట్రాలే స్తంభాలుగా పాతి, పైన వెలుతురు దిగే ప్లాస్టిక్ రేకు వేసి, ఆమెకి తాళ్లు కట్టించాడు. ఎండకీ గాలికీ దుప్పట్లు అరపూటలో ఆరుతున్నాయని తెలిశాక ఆమె కూడా మెత్తబడింది. అయినా ఆ వెచ్చటి గాలి వేరన్నా అని గొణుగుతూనే ఉండేది.

చివరి సర్వరు ఆపే రోజు ఓనరుగారు, ఇంజనీరమ్మాయి, ఆఫీసువాళ్లు పదిమంది గదిలో గుమిగూడారు. సాయంత్రం ఆరు దాటింది. అందరూ బాబాయినే నొక్కమన్నారు. ఆయన మొదట మిగిలిన ఏసీలు ఆపాడు, తర్వాత స్విచ్చి నొక్కాడు. ఫ్యాన్లు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగిపోయాయి. ఆ గదిలో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. ఓనరుగారు ఆయన భుజం తట్టి నాలుగు మంచి మాటలు చెప్పారు. తర్వాత ఒక్కొక్కరే కిందికి వెళ్లిపోయారు. ఆఖరున వెళ్లిన ఇంజనీరమ్మాయి, చివికిన ‘ముట్టుకోవద్దు’ కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి, జ్ఞాపకంగా ఉంచుకుంటాను బాబాయ్ అని మడిచి సంచిలో పెట్టుకుంది.

బాబాయి ఒక్కడే మిగిలాడు. గది అప్పుడే వెచ్చబడుతోంది. స్వెట్టరు విప్పి చేతిమీద వేసుకున్నాడు. చొక్కా జేబులో రెండు బస్సు టిక్కెట్లు ఉన్నాయి, మర్నాడు పొద్దున్నకి. అటక మీది సంచి వారం కిందటే కిందికి దిగింది.

అంతలో ఏదో గణగణమని మోగింది. బాబాయి ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. ఏ మిషనూ లేదు, ఏ లైటూ లేదు. మళ్లీ మోగింది. గోడమీద ఎర్రబల్బు వెలిగి ఆరుతోంది. పంతొమ్మిదేళ్లుగా ఆ గోడకే ఉన్న ఫోను ఇలా మోగుతుందని ఆయనకి అంతవరకూ తెలియదు. చిన్నపాటి మోత కాదు, వీధి చివరికి వినబడేంత మోత. రోజూ ఆరున్నరకి ఇంత గట్టిగా మోగిందన్నమాట.

రెండంగల్లో వెళ్లి ఎత్తాడు. తీగ లాక్కుంటూ బయటికి వెళ్లాల్సిన అవసరం ఇప్పుడు లేదు.

"ఉన్నారా?" అంది ఆవిడ.

"ఉన్నాను," అన్నాడు బాబాయి. "బయల్దేరాను."